నీరు దిగింది, మరి గుండె?

"ఒళ్ళు నీరు పట్టింది" అన్నది మన భాషలో చాలా పాత మాట. కాళ్ళు ఉబ్బి, వేలితో నొక్కితే గుంట పడి, పడుకుంటే ఊపిరాడక రాత్రంతా గోడకు ఆనుకుని కూర్చునే మనిషిని చూసి మన పెద్దలు అన్న మాట అది. మందు పనిచేస్తే "నీరు దిగింది" అన్నారు. ఈ రెండు మాటల్లోనూ రోగం నీటిదే. గుండె ప్రసక్తి లేదు, మూత్రపిండాల ప్రసక్తి లేదు. ఇది మన ఒక్కరి ఊహ కూడా కాదు. ఐరోపా వైద్యులు శతాబ్దాల తరబడి ఈ జబ్బును 'డ్రాప్సీ' అన్నారు. గ్రీకు భాషలో నీటిని తెలిపే మాటలోంచి పుట్టిన పేరది.

నీరు రోగమే అయితే నీటిని వెళ్ళగొట్టడమే చికిత్స కావాలి. గడిచిన రెండు శతాబ్దాలలో వైద్యులు ఆ పనిలో అంతకంతకూ ఆరితేరారు. అయితే వారు ఎంత బలంగా నీటిని తోడితే, శరీరం అంత పట్టుదలతో దానిని నిలుపుకోజూసింది. ఆ పెనుగులాట హార్మోనుల రూపంలో సాగుతుంది. దాని జాడ మాత్రం రక్తంలోని పొటాసియం అంకెలో కనబడుతుంది. హృదయ వైఫల్యానికి వాడే మందుల చరిత్ర చదువుతున్నప్పుడు నన్ను ఎక్కువగా ఆకట్టుకున్నది ఈ అంకె కథే. మొదట అది పడిపోతుందని భయపడ్డారు, తరువాత పెరిగిపోతుందని భయపడవలసి వచ్చింది. ఈ రెండు భయాల నడుమ ఏం జరిగిందో తెలిస్తే, ఈనాడు మన ఇళ్ళలో పెద్దవాళ్ళు వేసుకుంటున్న మాత్రల అర్థం కొంత బోధపడుతుంది.

బర్మింగ్‌హాంలో వైద్యం చేసిన విలియం విదరింగ్ 1785లో ఫాక్స్‌గ్లవ్ మొక్క గురించి ఒక గ్రంథం ప్రచురించాడు. ఆ మొక్క ఆకే తరువాతి కాలపు డిజిటాలిస్. పల్లెటూరి వృద్ధురాలి మూలికల మందులోంచి దానిని ఏరి, పదేళ్ళు రోగుల మీద పరీక్షించి, గుణం కనిపించిన వారినీ కనిపించని వారినీ కూడా నమోదు చేసిన నిజాయితీపరుడాయన. అయినా ఆయన దృష్టిలో అది ప్రధానంగా మూత్రాన్ని జారీచేసే మందే. గుండె కదలిక మీద దానికి విశేషమైన ప్రభావం ఉన్నదని గమనించి రాశాడు గాని, ఆ నీటికి మూలం గుండెలోనే ఉన్నదని తేల్చి చెప్పలేదు. మన వైద్యంలో ఉబ్బుకు గలిజేరును, అంటే పునర్నవను, వాడిన తీరు కూడా ఇటువంటిదే. కంటికి కనబడేది వాపు, కొలవగలిగేది మూత్రం. డిజిటాలిస్‌కూ లొంగని వాపుకు పందొమ్మిదవ శతాబ్దంలో మిగిలిన దారి కాళ్ళలోకి సన్నని గొట్టాలు గుచ్చి నీటిని బొట్లు బొట్లుగా కార్చడమే.

1919లో వియన్నాలో ఆల్ఫ్రెడ్ వోగ్ల్ అనే వైద్యవిద్యార్థి సవాయి రోగంతో ఉన్న ఒక అమ్మాయికి నోవాసురాల్ అనే పాదరసపు ఇంజెక్షను ఇచ్చాడు. ఆ రోజుల్లో సవాయికి పాదరసం మామూలు మందే. ఇంజెక్షను ఇచ్చిన రోజుల్లో ఆమెకు మూత్రం విపరీతంగా వస్తున్నట్టు నర్సులు రాసిపెట్టిన పట్టికలో కనబడింది. వోగ్ల్ అదే మందును నీరు పట్టిన రోగులకు ఇచ్చి చూస్తే లీటర్ల కొద్దీ నీరు దిగిపోయింది. ఆ తరువాత ముప్పయ్యేళ్ళకు పైగా పాదరసపు సూదిమందులే హృదయ రోగులకు దిక్కయ్యాయి. పాదరసం విషమని తెలియక కాదు, మునిగిపోతున్న ఊపిరికి అంతకంటే ఆసరా లేక.

తరువాతి అడుగు కూడా రోగులలో కనబడిన ఒక అవాంతర ఫలితం నుంచే పడింది. సల్ఫనిలమైడ్ అనే సూక్ష్మజీవుల మందు తీసుకున్న రోగుల మూత్రం మారుతున్నదని 1930లలో గమనించారు. 1949లో విలియం ష్వార్ట్జ్ దానిని హృదయ వైఫల్యం ఉన్న ముగ్గురు రోగులకు ఇచ్చి, శరీరంలోని ఉప్పు, దానితో నీరు బయటికి పోవడం చూపించాడు. అంత పెద్ద మోతాదులో ఎక్కువ కాలం వాడదగిన మందు కాదది. కాని సూదితో పనిలేకుండా నోటితో వేసుకునే మందు సాధ్యమేనని తేలింది. ఆ దారిలోనే కార్ల్ బేయర్, ఆయన సహచరులు మెర్క్ ప్రయోగశాలలో క్లోరోథయజైడ్‌ను తయారుచేశారు. 1958లో అది అంగడికి వచ్చింది. 1960లలో జర్మనీకి చెందిన హోక్స్ట్ సంస్థ ఫ్యూరోసెమైడ్‌ను విడుదల చేసింది. లాసిక్స్ అంటే తెలియని తెలుగు ఇల్లు అరుదు. మన జనం దానికి పెట్టుకున్న పేరు 'నీళ్ళ మాత్ర'.

నీళ్ళ మాత్రతో నీళ్ళే కాక పొటాసియం కూడా పోతుందని వైద్యులకు త్వరలోనే తెలిసివచ్చింది. ఎందుకు పోతుందో చెప్పాలంటే మూత్రపిండం లోపలికి ఒకసారి తొంగి చూడాలి. మూత్రపిండంలోని సన్నని నాళాలలో ఒక వంపు దగ్గర సోడియంను, పొటాసియంను, క్లోరైడును కలిపి వెనక్కి లాక్కునే ప్రోటీను ఒకటి ఉంటుంది. ఫ్యూరోసెమైడ్ దానిని మూసివేస్తుంది. వెనక్కి రావలసిన ఉప్పు నాళం వెంట ముందుకు సాగి చివరి భాగానికి చేరుతుంది. అక్కడ మరొక ఏర్పాటు ఉంది. అది సోడియంను లోపలికి తీసుకుంటుంది, అందుకు బదులుగా పొటాసియంను మూత్రంలోకి విడుస్తుంది. చివరికి ఎంత ఎక్కువ సోడియం చేరితే అంత ఎక్కువ పొటాసియం బయటికి పోతుంది.

మన ఒంట్లోని పొటాసియంలో దాదాపు 98 శాతం కణాల లోపలే ఉంటుంది. రక్తంలో తిరిగేది మిగిలిన కొద్దిపాటి వంతే. ఆ కొద్దిపాటిది లీటరుకు 3.5 నుంచి 5 మిల్లీమోళ్ళ మధ్య ఉండాలి. ఇరుకైన గట్టు అది. గుండె కండరం విద్యుత్తుతో లయ తప్పకుండా కొట్టుకోవడం ఈ లోపలి వెలుపలి తేడా మీద ఆధారపడి ఉంది. పైగా డిజిటాలిస్‌కూ పొటాసియంకూ కణం పొర మీద ఒకే చోట పోటీ. పొటాసియం తగ్గితే డిజిటాలిస్ పట్టు బిగుస్తుంది, మందు విషమవుతుంది. 1950లలో బెర్నార్డ్ లౌన్ ఈ ప్రమాదాన్ని అధ్యయనం చేసి హెచ్చరించాడు. డిజిటాలిస్ ఒక చేత, నీళ్ళ మాత్ర మరొక చేత పట్టుకున్న ఆ తరం వైద్యులు పొటాసియం ద్రావణాలు రాసిచ్చారు, పండ్లు బాగా తినమన్నారు. మన వైపు కొబ్బరినీళ్ళు తాగమన్న సలహా స్థిరపడింది. ఆ మందుల జతకు అది సరైన సలహాయే. ఈ మాటను గుర్తుంచుకోమని చదువరులను కోరుతున్నాను.

ఇక్కడ హార్మోనుల కథ మొదలవుతుంది. దాని మూలం చాలా వెనక ఉంది. 1898లో స్టాక్‌హోంలో రాబర్ట్ టిగర్‌స్టెట్, ఆయన శిష్యుడు పేర్ బెర్గ్‌మన్ కుందేలు మూత్రపిండాల నుంచి తీసిన సారం రక్తపు పోటును పెంచుతుందని కనుగొన్నారు. దానికి 'రెనిన్' అని పేరు పెట్టారు. ఆ పని చాలా ఏళ్ళు ఎవరికీ పట్టలేదు. 1940 ప్రాంతంలో బ్వేనొస్ ఐరిస్‌లో బ్రౌన్ మెనెండెజ్ బృందం, ఇండియానాపొలిస్‌లో ఇర్విన్ పేజ్ బృందం ఎవరికి వారుగా ఒక సంగతి తేల్చారు: రెనిన్ తానుగా పోటును పెంచదు, రక్తంలో మరొక పదార్థాన్ని పుట్టించి దానిచేత ఆ పని చేయిస్తుంది. రెండు బృందాలూ ఆ పదార్థానికి చెరొక పేరు పెట్టుకుని, 1958లో రాజీపడి రెండు పేర్లనూ అతికి 'యాంజియోటెన్సిన్' అన్నారు. ఈలోగా 1953లో లండన్‌లో సిల్వియా సింప్సన్, జేమ్స్ టైట్ దంపతులు కాకముందు, స్విట్జర్లండ్ రసాయనవేత్త రైక్‌స్టైన్ బృందంతో కలిసి అడ్రినల్ గ్రంథి నుంచి 'ఆల్డోస్టెరోన్'ను వేరుచేశారు. నాళం చివర సోడియంను లాగి పొటాసియంను తోసివేసే ఏర్పాటును నడిపేది ఈ ఆల్డోస్టెరోనే.

ఈ ముగ్గురిదీ ఒకే గొలుసు. గుండె నీరసిస్తే మూత్రపిండానికి చేరే రక్తం తగ్గుతుంది. కారణమేమిటో మూత్రపిండానికి తెలిసే వీలు లేదు. నెత్తురు కారిపోయినప్పుడు, ఎండకు దాహంతో సొమ్మసిల్లినప్పుడు దానికి అందే సంకేతమూ ఇదే. కాబట్టి ఒళ్ళు ఎండిపోతున్నదనే అది భావిస్తుంది. రెనిన్‌ను విడుస్తుంది, రెనిన్ వల్ల యాంజియోటెన్సిన్ పుట్టి రక్తనాళాలను బిగిస్తుంది, ఆల్డోస్టెరోన్‌ను పిలుస్తుంది, ఆల్డోస్టెరోన్ ఉప్పును ఆపుతుంది, ఉప్పు వెంట నీరు ఆగుతుంది. కాళ్ళ నిండా నీరు ఉన్న మనిషిలో మూత్రపిండం కరువు నాటి పొదుపు పాటిస్తుంది.

అటువంటి మూత్రపిండం మీద నీళ్ళ మాత్ర ప్రయోగిస్తే ఏమవుతుంది? నీరు తగ్గుతుంది, ఊపిరి తేలికపడుతుంది. అదే సమయంలో, ఒళ్ళు ఎండిపోతున్నదన్న మూత్రపిండపు అపోహకు బలమైన సాక్ష్యం దొరుకుతుంది. అది ఇంకా ఎక్కువ రెనిన్ విడుస్తుంది. మరొక చిత్రం కూడా ఉంది. నాళంలో ఎంత ఉప్పు పోతున్నదో కొలిచి చూసే కణాల గుంపు ఒకటి ఉంది. కాలువ మీద లస్కరు నీటిమట్టం చూసి పైవారికి కబురంపినట్టు, అది రెనిన్ విడిచే కణాలకు కబురు పంపుతుంది. ఆ కణాలు ఉప్పును కొలిచేది ఫ్యూరోసెమైడ్ మూసివేసే ఆ ప్రోటీనుతోనే. మందు దానిని మూయగానే ఎదుట ఉప్పు పారుతున్నా ఆ కణాలకు కనబడదు. "ఉప్పు లేదు" అని కబురు పంపుతాయి. అంటే ఒంట్లోంచి నీరు పోకముందే రెనిన్ పెరగడం ఆరంభమవుతుంది.

ఇది కేవలం ప్రయోగశాల ఊహ కాదని 1985లో అమెరికాలోని మినసోటాలో గ్యారీ ఫ్రాన్సిస్, జే కోన్ ప్రభృతులు చూపించారు. దీర్ఘకాలిక హృదయ వైఫల్యం ఉన్న 15 మందికి నరం ద్వారా ఫ్యూరోసెమైడ్ ఇచ్చి కొలిస్తే, మొదటి 20 నిమిషాల్లో రెనిన్, నార్‌అడ్రినలిన్ పెరిగాయి, రక్తనాళాలు బిగిశాయి, గుండె ఒక్కొక్క కొట్టుకు పంపే రక్తం తగ్గింది. మూత్రం దిగిన తరువాత గాని పరిస్థితి మెరుగుపడలేదు. 1987లో లండన్ వైద్యులు అంతవరకు ఏ మందూ వాడని 12 మందిని పరిశీలించారు. మందుకు ముందు వారి రెనిన్, ఆల్డోస్టెరోన్ మామూలుగానే ఉండి, నీళ్ళ మాత్రలు మొదలుపెట్టాక పెరిగాయి. రోగులకు మాత్రం హాయిగా ఉంది. ఒళ్ళు తేలికపడింది, నడవగలిగారు.

ఈ రెండు అధ్యయనాలు చదివి నేరమంతా నీళ్ళ మాత్రదేనని తీర్పు చెప్పడం తొందరపాటు. చండీగఢ్‌లోని స్నాతకోత్తర వైద్య సంస్థలో ఇందర్ ఆనంద్, ఆయన సహచరులు 1989లో ప్రచురించిన అధ్యయనం దీనికి మరొక పార్శ్వం. తీవ్రంగా నీరు పట్టి, అప్పటివరకు ఏ చికిత్సా అందని ఎనిమిది మందిని వారు కొలిచారు. వైద్యం త్వరగా అందే సంపన్న దేశాలలో అటువంటి రోగులు దొరకడం కష్టం. మన దేశపు లేమి అలా శాస్త్రానికి ఒక సాక్ష్యాన్ని ఇచ్చింది. మందు తాకని ఆ రోగులలో కూడా రెనిన్, ఆల్డోస్టెరోన్, నార్‌అడ్రినలిన్ బాగా పెరిగి ఉన్నాయి. అంటే జబ్బు ముదిరితే ఈ హార్మోనుల గొలుసు తనంతట తానే లేస్తుంది. నీళ్ళ మాత్ర దానిని ముందే లేపగలదు, ఉన్నదాన్ని ఎగదోయగలదు. నిప్పు పుట్టించేది అది ఒక్కటే కాదు.

ఈ గొలుసు దీర్ఘకాలంలో గుండెకు చేటు చేస్తుందని ఎలా తెలిసింది? దానిని తెంచి చూసినప్పుడు తెలిసింది. బ్రెజిల్‌లోని జరరాక అనే రక్తపింజరి జాతి పాము విషంలో యాంజియోటెన్సిన్ తయారీని అడ్డుకునే పదార్థాలు దొరికాయి. సెర్జియో ఫెరేరా 1960లలో ప్రారంభించిన ఆ పని ఆధారంగా కుష్మన్, ఓండెట్టి క్యాప్టోప్రిల్‌ను రూపొందించారు. అదే కోవకు చెందిన ఎనలాప్రిల్‌ను 253 మంది తీవ్ర రోగులకు ఇచ్చి స్కాండినేవియా దేశాలలో చేసిన పరీక్ష ఫలితం 1987లో వెలువడింది. ఆరు నెలలలో ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవారిలో 44 శాతం మంది చనిపోతే, ఎనలాప్రిల్ వేసుకున్నవారిలో 26 శాతం మంది చనిపోయారు. నీళ్ళ మాత్రలు ఇరుపక్షాలవారూ వేసుకుంటూనే ఉన్నారు. తేడా తెచ్చింది హార్మోనును అడ్డుకోవడమే.

ఆల్డోస్టెరోన్ సంగతి ఇంకా మిగిలింది. దానిని అడ్డుకునే స్పైరోనోలాక్టోన్ 1950ల చివర్లోనే సెర్ల్ సంస్థలో పుట్టింది. పొటాసియంను పోనివ్వని బలహీనమైన నీళ్ళ మాత్రగానే దానిని నాలుగు దశాబ్దాలు చూశారు. 1999లో వెలువడిన రేల్స్ పరీక్ష ఆ అభిప్రాయాన్ని మార్చివేసింది. 1,663 మంది తీవ్ర రోగులలో ఉత్తుత్తి మాత్ర పక్షాన 46 శాతం మంది, స్పైరోనోలాక్టోన్ పక్షాన 35 శాతం మంది చనిపోయారు. మోతాదు రోజుకు 25 మిల్లీగ్రాముల పరిసరాల్లోనే. అంత కొద్ది మోతాదుకు మూత్రం పెద్దగా పెరగదు. కాబట్టి ప్రాణం నిలిపింది దిగిన నీరు కాదనీ, ఆగిన హార్మోను అనీ పరిశోధకులు భావించారు. నలభై ఏళ్ళ పాత, చవక మందు అది.

ఇక్కడే పొటాసియం అంకె దిశ మారింది. పాత నీళ్ళ మాత్ర పొటాసియంను బయటికి తోస్తుంది. ఎనలాప్రిల్ వంటివి, స్పైరోనోలాక్టోన్ దానిని లోపల ఆపుతాయి. రేల్స్ పరీక్షలో మూత్రపిండాలు బాగా దెబ్బతిన్నవారిని, పొటాసియం ముందే 5 దాటినవారిని చేర్చుకోలేదు. చేర్చుకున్నవారికి క్రమం తప్పక రక్తపరీక్షలు చేశారు. పరీక్ష బయటి ప్రపంచంలో అంత జాగ్రత్త లేదు. కెనడాలోని ఒంటారియోలో, ఎనలాప్రిల్ వంటి మందుల మీద ఉండి హృదయ వైఫల్యంతో ఆసుపత్రిలో చేరి వచ్చిన వృద్ధుల లెక్కలను 2004లో ప్రచురించారు. 1994లో వెయ్యిమందికి 34 ఉన్న స్పైరోనోలాక్టోన్ చీటీలు 2001 నాటికి 149 అయ్యాయి. పొటాసియం పెరిగి ఆసుపత్రి పాలైనవారు వెయ్యికి 2.4 నుంచి 11కు, దానితో ముడిపడిన మరణాలు 0.3 నుంచి 2కు పెరిగాయి. పరీక్షలో కనబడిన మేలు ఆ లెక్కల్లో కనబడలేదు.

అయితే కథ అక్కడితో ముగియలేదు. స్కాట్లండ్‌లోని టేసైడ్ ప్రాంతపు లెక్కలు 2010లో వచ్చాయి. అక్కడ కూడా రేల్స్ తరువాత స్పైరోనోలాక్టోన్ వాడకం బాగా పెరిగింది. పొటాసియం ప్రమాదం మాత్రం పెరగలేదు. రక్తపరీక్షలు శ్రద్ధగా జరగడమే అందుకు కారణమని పరిశోధకులు తలచారు. అదే మాత్ర, అదే జబ్బు. ఒకచోట విషమైంది, మరొకచోట కాలేదు. నాకు ఈ చరిత్రలో అన్నిటికంటే విలువైన పాఠం ఈ రెండు ఊళ్ళ తేడాలో ఉన్నదనిపిస్తుంది. మందు గుణం మందులో ఎంత ఉంటుందో, దానిని ఇచ్చి మళ్ళీ చూసే పద్ధతిలోనూ అంత ఉంటుంది.

మరి నీళ్ళ మాత్ర స్థానమేమిటి? ఊపిరాడని మనిషికి ఈనాటికీ అదే మొదటి ఆసరా. కాని ఫ్యూరోసెమైడ్ ఆయుష్షును పెంచుతుందో లేదో ఉత్తుత్తి మాత్రతో పోల్చి తేల్చిన పెద్ద పరీక్ష ఒక్కటీ లేదు. నీటిలో మునుగుతున్నవారికి మందు ఆపి ప్రయోగం చేయడానికి ఎవరి మనస్సూ ఒప్పదు గనుక ఇక ఉండబోదు కూడా. దాని సోదరి టార్సెమైడ్‌కు ఆల్డోస్టెరోన్‌ను కొంత అడ్డుకునే గుణం ఉందని ఆశపడ్డారు. 2,859 మందితో చేసిన పరీక్ష 2023లో వెలువడితే మరణాలలో తేడా కనబడలేదు. నీటిని దింపడానికి చాలినంత నీళ్ళ మాత్ర, హార్మోనులను అదుపు చేయడానికి వేరే మందులు అన్నది ఈనాటి పద్ధతి. మధుమేహానికి పుట్టిన డపాగ్లిఫ్లోజిన్ వంటివి కూడా 2019 తరువాత ఆ వరుసలో చేరాయి.

ఇప్పుడు గుర్తుంచుకోమని కోరిన కొబ్బరినీళ్ళ దగ్గరికి వస్తాను. డిజిటాలిస్, లాసిక్స్ మాత్రమే ఉన్న రోజుల్లో మేలు చేసిన సలహా, ఎనలాప్రిల్, స్పైరోనోలాక్టోన్ వేసుకుంటున్న మనిషికి, మూత్రపిండాలు నీరసించి ఉంటే మరీ, కీడు చేయవచ్చు. రక్తపు పోటుకు మంచిదని కొనే 'తక్కువ సోడియం ఉప్పు'లో సోడియంకు బదులు చేరేది పొటాసియమే. మోకాళ్ళ నొప్పులకు అడగకుండా కొని వేసుకునే మాత్రలు కూడా మూత్రపిండాలను నొక్కి పొటాసియంను పెంచుతాయి. సలహాలు ఇంటిలో తరతరాలుగా నిలుస్తాయి. చీటీలోని మందులు మారిన సంగతి సలహాకు తెలియదు.

కనుక ఎవరి ఇంట్లోనైనా ఈ మాత్రలు వేసుకునే పెద్దవారుంటే, భయపడి మందు మానమని కాదు నేను చెప్పేది. అది అన్నిటికంటే ప్రమాదం. ఏ మాత్ర పొటాసియంను తోస్తుంది, ఏది ఆపుతుంది అని వైద్యుణ్ణి అడిగి చీటీ మీద రాయించుకోండి. కొత్త మందు మొదలుపెట్టిన వారం రోజులకు, నాలుగు వారాలకు, ఆ పైన కొన్ని నెలలకొక పర్యాయం పొటాసియం, క్రియాటినిన్ పరీక్షలు జరిగాయో లేదో చూడండి. వాంతులు, విరేచనాలు పట్టుకుంటే ఆలస్యం చేయక వైద్యుడికి కబురు చేయండి. కాళ్ళ వాపు తగ్గిందా లేదా అన్నది మనకు కళ్ళతోనే తెలుస్తుంది. లోపలి పెనుగులాట ఎటు మొగ్గుతున్నదో మాత్రం ఆ చిన్న అంకె చూస్తేనే తెలుస్తుంది.